పెద్దవాళ్ళతో థీమ్ పార్క్: నాన్న బ్యాగుల కాపలా డ్యూటీ మానేసిన రోజు

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడున్నర. పిల్లల్ని మాత్రమే తీసుకెళ్ళి ఉంటే నాలుగున్నర ఇచ్చేదాన్నేమో, పెద్దవాళ్ళతో వెళ్ళాను కాబట్టి ఒకటి తగ్గింది, ఎందుకు తగ్గిందో మధ్యలో వస్తుంది. పార్క్ పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే ఇందులో తిట్లూ ఉన్నాయి, పొగడ్తలూ ఉన్నాయి, రెండూ మీరు వెళ్ళబోయే ఏ పార్క్‌కైనా ఇంచుమించు సరిపోతాయి. కొంచెం పెద్ద రివ్యూ, ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

మేం ఏడుగురం. అమ్మకి 67, మోకాళ్ళ నొప్పులు. నాన్నకి 72, బీపీకి రోజూ టాబ్లెట్ వేసుకుంటారు, అది తప్ప ఇంకేం లేదు. పెద్దమ్మకి 73, ఆవిడకి ఏ జబ్బూ లేదు, భయమూ లేదు, కట్టుడు పళ్ళు మాత్రం ఉన్నాయి (ఈ పళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి). తర్వాత నేను, మా ఆయన, మా పన్నెండేళ్ళ పెద్దాడు, ఎనిమిదేళ్ళ చిన్నది.

అసలు ఈ ట్రిప్ ఎందుకంటే నాలుగేళ్ళ కిందట ఇలాగే ఇంకో పార్క్‌కి వెళ్ళినప్పుడు నాన్న "మీరెళ్ళి రండమ్మా, బ్యాగులు నేను చూస్తా" అన్నారు, మేం కూడా సరేలే అని వెళ్ళిపోయాం, తిరిగొచ్చేసరికి నాలుగు గంటలైంది, ఆయన అదే బెంచీ మీద అయిదు బ్యాగుల మధ్య కూర్చుని, ఒక బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా జెయింట్ వీల్ తిరుగుతుంటే దాన్నే చూస్తున్నారు. ఎంతసేపట్నుంచి చూస్తున్నారో ఏమో. ఆ రోజు ఫోటోల్లో నాన్న ఒక్కదాంట్లో కూడా లేరు. అది నాకు అలా లోపల ఉండిపోయింది. అందుకే ఈసారి గేటు దాటగానే చేసిన మొదటి పని లాకర్ తీసుకుని మొత్తం సామాను అందులో పడేయడం. తాళం చెవి చిన్నదాని చేతికి కట్టేశాం. నాన్న ఖాళీ చేతులతో కాసేపు ఏం చెయ్యాలో తెలీనట్టు నిలబడ్డారు పాపం.

ముందు వీల్‌చైర్ గురించి. గేటు దగ్గరే కౌంటర్ ఉంది, అడిగితే ఇస్తారు, కానీ ఉన్నవి తక్కువ, లేటుగా వెళ్తే దొరకదు, మేం తెరవకముందే వెళ్ళాం కాబట్టి ఒకటి దొరికింది. అమ్మ దాన్ని చూడగానే "నాకేమైందే, నేను నడవలేనా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు" అని మొదలుపెట్టింది. వాదించలేదు. "నువ్వు కూర్చోకులేమ్మా, వాటర్ బాటిళ్ళు పెట్టుకుందాం, తోసుకుంటూ రా" అన్నా. పొద్దున్నంతా అమ్మే దాన్ని తోసుకుంటూ నడిచింది, పైగా పట్టుకోడానికి ఆధారం ఉంది కదా, నడక కూడా బాగుంది. పదకొండున్నర అయ్యేసరికి తనంతట తనే బాటిళ్ళు పక్కకి జరిపి కూర్చుంది. ఎవరం ఏమీ అనలేదు. మీ ఇంట్లో కూడా ఇలాంటి అమ్మలుంటే ఈ ట్రిక్ వాడుకోండి, కూర్చోమని మాత్రం అనకండి.

ఇప్పుడు అసలు విషయం. ఇంట్లో ఎవరిని అడిగినా "పెద్దవాళ్ళకి స్లో రైడ్స్, పిల్లలకి ఫాస్ట్ రైడ్స్" అంటారు, నేనూ అలాగే లిస్ట్ రాసుకుని వెళ్ళా, ఆ లిస్ట్ మధ్యాహ్నానికి చింపి పారేశా. ఎందుకంటే స్పీడ్ అసలు సమస్యే కాదు. ఎక్కడం, దిగడం, లైన్లో నిలబడడం, ఈ మూడే సమస్య. సీటు ఎంత కిందకి ఉంది, కాలు ఎంత ఎత్తు ఎత్తాలి, పట్టుకోడానికి కడ్డీ ఉందా, దిగేటప్పుడు బండి కదులుతుంటుందా ఆగుతుందా, అక్కడిదాకా మెట్లెన్ని, ఇవి చూసుకుంటే చాలు. పిల్లలదని బోర్డు పెట్టిన చిట్టి ట్రైన్ ఉంది చూడండి, అది అమ్మకి ఆ రోజు మొత్తం మీద అన్నిటికన్నా కష్టమైన రైడ్. సీటు నేలకి జానెడు ఎత్తు, మోకాళ్ళు గడ్డానికి ఆనతాయి, దిగేటప్పుడు మా ఆయన ఒకవైపు నేను ఒకవైపు పట్టుకుని లేపాం. రైడ్ స్పీడ్ మాత్రం మనిషి నడిచేంత!

జెయింట్ వీల్ దగ్గర దీనికి పూర్తిగా రివర్స్. అంత ఎత్తుంది కదా అమ్మ ఎక్కదనుకున్నా. కానీ గదిలా మూసి ఉన్న క్యాబిన్, లోపల బెంచీ కుర్చీ ఎత్తులో ఉంది, తలుపు వెడల్పు. ఒక్కటే తంటా, చక్రం ఆగదు, మెల్లగా కదులుతూనే ఉంటుంది, అందరూ కదులుతుండగానే ఎక్కుతున్నారు. అమ్మ అక్కడ ఆగిపోయింది. కంట్రోల్ దగ్గరున్న అమ్మాయి, మహా అయితే ఇరవై రెండేళ్ళుంటాయి, మేం అడగనేలేదు, అమ్మ కాళ్ళ వంక ఒకసారి చూసి చక్రం పూర్తిగా ఆపేసింది. పక్కనుంచి ఒక చిన్న పీట తెచ్చి వేసింది. చెయ్యి పట్టుకుని లాగలేదు, తన మోచెయ్యి ముందుకు పెట్టి "మీరే పట్టుకోండి అమ్మా, తొందరేం లేదు" అంది. వెనక లైన్లో ఎవరో గొణిగితే అటు తిరిగి చూడను కూడా లేదు. దిగేటప్పుడు మా క్యాబిన్ కిందకి వచ్చేసరికి పీట రెడీగా ఉంది. ఆ మూడున్నర రేటింగ్‌లో ఒక స్టార్ అచ్చంగా ఆ అమ్మాయిదే.

పైకి వెళ్ళాక అమ్మ ఏం మాట్లాడలేదు. కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది. పెద్దాడు మాత్రం ఊరుకోడు కదా, ఎక్కడో చదివాడంట, మొట్టమొదటి ఇలాంటి చక్రం 1893లో చికాగో ఎగ్జిబిషన్‌లో పెట్టారని, ఫెర్రిస్ అనే ఇంజనీర్ కట్టాడని, 264 అడుగుల ఎత్తని, 36 క్యాబిన్లని, ఒక్కో దాంట్లో 60 మంది పట్టేవారని చెప్తూ పోయాడు. నాన్న వెంటనే లెక్క కట్టి "అంటే ఒకేసారి రెండు వేల నూట అరవై మందిరా" అన్నారు. అమ్మ అప్పుడు మాత్రం ఇటు తిరిగి "అంతమందినీ ఎక్కించి దించడానికి ఎంతసేపు పట్టేదో పాపం" అంది. చూశారా, మోకాళ్ళ నొప్పున్న మనిషికి ముందు అదే తడుతుంది.

మెర్రీ గో రౌండ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, గుర్రం ఎక్కలేనివాళ్ళకి మధ్యలో రథంలా బెంచీలు ఉంటాయి, చాలామంది అవి చూసుకోరు. ఇంకోటి, బయటి వరస గుర్రాలూ లోపలి వరస గుర్రాలూ ఒక చుట్టు ఒకే టైములో తిరుగుతాయి కానీ బయటివాటికి దూరం ఎక్కువ కాబట్టి స్పీడ్ ఎక్కువ ఉంటుంది, తల తిరిగే అలవాటున్నవాళ్ళని లోపలి వరసలో కూర్చోబెట్టండి. అంతే.

బంపర్ కార్లు మాత్రం వద్దు. చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, నేల మీదే ఉంటుంది, స్పీడ్ ఉండదు, అందుకే అందరూ తాతల్ని బామ్మల్ని అందులో కూర్చోబెడతారు. కానీ వెనక నుంచి ఎవడో వచ్చి గుద్దేది మనకి కనపడదు, మెడ సిద్ధంగా ఉండదు, తల ఒక్కసారి వెనక్కి విసిరేసినట్టవుతుంది. కోస్టర్‌లో మలుపు ముందే కనిపిస్తుంది, ఒళ్ళు బిగపట్టుకుంటాం, ఇందులో ఆ ఛాన్స్ లేదు. మా ఆయనకే రెండ్రోజులు మెడ పట్టేసింది. ఎముకలు పలచబడ్డ వయసులో, మెడ నొప్పి ఉన్నవాళ్ళకి, అస్సలు వద్దు. నాన్న ఎక్కుతానన్నారు, నేను ఆపేశా, ఆ రోజు నేను వద్దన్నది ఇది ఒక్కటే.

ఇక రోలర్ కోస్టర్. ఇక్కడ రెండున్నాయి, ఒకటి తలకిందులయ్యేది, దాని గురించి నాకు తెలీదు, పెద్దాడూ మా ఆయనా వెళ్ళొచ్చారు, ఇద్దరూ దిగాక పదినిమిషాలు మాట్లాడలేదు కాబట్టి బాగుండే ఉంటుంది. రెండోది ఫ్యామిలీ కోస్టర్, తలకిందులవ్వదు, ఎత్తులూ పల్లాలూ మలుపులూ అంతే. దీని కోసం నేను ముందే ఒక పని చేశా. పార్క్ వాళ్ళ సైట్‌లో ప్రతి రైడ్‌కీ ఎవరు ఎక్కకూడదో రాసి ఉంటుంది, గుండె జబ్బు, బీపీ, మెడ, నడుము, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు అని, ఆ పేజీ ఫోటో తీసుకుని నాన్న రెగ్యులర్ చెకప్‌కి వెళ్ళినప్పుడు డాక్టర్‌కి చూపించా. ఆయన బీపీ రీడింగులు చూసి "ఆ పెద్దది వద్దు, ఈ చిన్నది వెళ్ళొచ్చు, ఆ రోజు టాబ్లెట్ మాత్రం మానొద్దు" అన్నారు. ఇది నాన్న సంగతి, మీవాళ్ళ సంగతి మీ డాక్టరే చెప్పాలి. ఊరికే "పార్క్‌కి వెళ్ళొచ్చా" అని అడిగితే ఏ డాక్టరైనా "జాగ్రత్త" అని ఊరుకుంటారు, ఫోటో చూపిస్తే సరిగ్గా చెప్తారు.

ఆ లైన్ నలభై నిమిషాలు. ఒక్క బెంచీ లేదు. ఒక్కటంటే ఒక్కటి. ఇనప కడ్డీల మధ్య మెలికలు మెలికలుగా నడవడమే, ఒకసారి లోపలికి వెళ్తే బయటికి రావడానికి దారి కూడా లేదు, అందరినీ తోసుకుంటూ వెనక్కి రావాలి. బీపీ టాబ్లెట్లు వేసుకునేవాళ్ళు కొందరు మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుంది, ఇది డిజైన్ చేసినవాళ్ళకి తట్టలేదా? చివరికి మేం కనిపెట్టిందేంటంటే మా ఆయనా పిల్లలూ లైన్లో నిలబడడం, మేం బయట నీడలో కూర్చోవడం, వాళ్ళు దగ్గరికొచ్చాక స్టాఫ్‌కి చెప్పి మమ్మల్ని ఎగ్జిట్ వైపు నుంచి లోపలికి పంపించడం. అడిగితే ఒప్పుకున్నారు. కానీ అడగాలి, ఎక్కడా రాసి ఉండదు. అమ్మ మాత్రం రానంది, నీడలోనే ఉండిపోయింది, చిన్నది కూడా భయమేసి వెళ్ళి అమ్మమ్మ పక్కన చేరింది.

ఎక్కే దగ్గర ఇంకో గొడవ. అక్కడున్న కుర్రాడు పెద్దమ్మని చూసి, నాతో, "పెద్దవాళ్ళకి వద్దు మేడమ్" అన్నాడు. పెద్దమ్మ పక్కనే ఉంది! ఆవిడ వాడి భుజం తట్టి "నన్నడుగు నాయనా, ఎక్కేది నేను" అంది. బోర్డు మీద ఎత్తు ఉంది, జబ్బుల లిస్టు ఉంది, వయసు ఎక్కడా లేదు. ఆవిడే బోర్డు మొత్తం గట్టిగా చదివి ఒక్కోదానికీ "లేదు, లేదు, లేదు" అని వాడికి వినిపించింది, చివర్న గర్భిణీలు ఎక్కరాదు అని ఉంటే దానికి కూడా "లేదు" అంది, లైన్ మొత్తం నవ్వేసింది. వాడు పాపం తలుపు తీశాడు. మంచి కుర్రాడే, ఎవరో అలా చెప్పమని చెప్పుంటారు, కానీ పెద్దవాళ్ళు పక్కనే ఉండగా వాళ్ళ గురించి పక్కవాళ్ళతో మాట్లాడడం అనే ఈ అలవాటు ఎక్కడికెళ్ళినా ఉంది, ఇక్కడా ఉంది, దానికి సగం స్టార్ కట్.

సీట్ల గురించి ఒక ముఖ్యమైన విషయం. ఇద్దరికీ కలిపి ఒకే అడ్డ కడ్డీ తొడల మీదకి దిగుతుంది కదా, అది ఇద్దరిలో లావుగా ఉన్నవాళ్ళ దగ్గర ఆగిపోతుంది. పక్కన బక్కగా ఉన్న పెద్దాయన ఉంటే ఆయనకీ కడ్డీకీ మధ్య బెత్తెడు ఖాళీ, ఎత్తు దిగేటప్పుడు సీట్లోంచి లేచి పడతారు. మా ఆయన కొంచెం పుష్టిగా ఉంటారు, మొదట నాన్నని ఆయన పక్కనే కూర్చోబెట్టబోయి ఆగా. నాన్న పక్కన నేను కూర్చున్నా, పెద్దమ్మ పక్కన పెద్దాడు, మా ఆయన వెనకాల ఒక్కరే రాజాలా. అలాగే మధ్య పెట్టె అడిగి తీసుకున్నాం, చివరి పెట్టె పల్లంలోకి దిగేటప్పుడు కొరడా విసిరినట్టు లాగుతుంది, ముందు పెట్టెలో ఎదురుగా ఏమీ అడ్డం ఉండదు కాబట్టి కళ్ళకి భయం ఎక్కువ, మధ్యలో కుదుపు తక్కువ.

బండి కదిలింది. మెల్లగా పైకి లాగుతోంది, కింద నుంచి టక టక టక టక అని శబ్దం. నాకైతే ఆ శబ్దానికే కడుపులో దేవినట్టయింది. నాన్న ముప్పై ఏళ్ళు వర్క్‌షాప్‌లో పనిచేసిన మనిషి, కడ్డీ మీద వంగి ఆ శబ్దమే వింటున్నారు, మొహంలో భయం లేదు, ఏదో పాత ఫ్రెండ్ గొంతు విన్నట్టుంది. "విన్నావా, రాచెట్ అది. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పన్ను పన్నుకీ పడుతోంది. శబ్దం వస్తున్నంతసేపూ భయం లేదు" అన్నారు. అప్పటిదాకా నేను ఆ శబ్దం పాత మిషన్ మూలుగు అనుకుంటున్నా! పైకి చేరబోతుండగా ఇంకోటి చెప్పారు, దీనికి ఇంజనే లేదమ్మా, ఈ గొలుసు పైదాకా లాగి వదిలేస్తుంది, ఇక్కణ్ణుంచి మొత్తం దాని బరువే లాక్కెళ్తుంది, అందుకే మొదటి గుట్టే అన్నిటికన్నా ఎత్తు, దారిలో రాపిడికీ గాలికీ కొంత పోతుంది కాబట్టి తర్వాతవి దానికన్నా తక్కువే ఉండాలి అని. వాక్యం పూర్తయిందో లేదో శబ్దం ఆగింది.

తర్వాత నాకేం తెలీదు. కళ్ళు మూసుకున్నా. పక్కనుంచి ఒక అరుపు వినిపించింది, నాన్న అరవడం నేను జన్మలో వినలేదు, కోపంతో తప్ప. ఇది కోపం కాదు. ఒక చిన్న పిల్లాడు కాలవలోకి దూకేముందు అరుస్తాడే, అలా.

దిగాక ఆయన చేసిన పనేంటంటే పట్టాల పక్కన ఫెన్స్ దగ్గరికెళ్ళి వంగి చక్రాలు చూడ్డం. పెద్దాడిని పిలిచి చూపించారు, పట్టా పైన ఒక చక్రం, పక్కన ఒకటి, కింద ఒకటి, మూడూ కలిసి పట్టాని గుప్పిట్లో పట్టుకున్నట్టు ఉంటాయి, కింది చక్రం వల్లే బండి పైకి లేవదు అని. పెద్దాడు ఫోన్‌లో వెతికి ఆ కింది చక్రానికి 1919లో జాన్ మిల్లర్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడని చెప్పాడు. అలాగే 1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో పెట్టిన థాంప్సన్ కోస్టర్ గంటకి పది కిలోమీటర్ల స్పీడే వెళ్ళేదంట, జనం పక్కకి తిరిగి బెంచీ మీద కూర్చుని చుట్టూ చూసుకుంటూ వెళ్ళేవారంట, కాకపోతే ఎక్కడానికి మెట్లెక్కి ప్లాట్‌ఫామ్ పైకి వెళ్ళాల్సి వచ్చేదంట. స్పీడ్ సంగతి విని అమ్మ "అదైతే నేనూ ఎక్కేదాన్ని" అంది, మెట్లనేసరికి "వద్దులే" అంది.

మెట్లంటే గుర్తొచ్చింది, అసలు స్టార్ కట్ అయింది ఇక్కడ. చీకట్లో బోటు మీద తీసుకెళ్ళి బొమ్మలు చూపించే రైడ్ ఒకటుంది, లోపలికి వెళ్ళడానికి వీల్‌చైర్ కోసం ర్యాంప్ ఉంది, బోర్డు ఉంది, అంతా బాగుంది, అమ్మని హాయిగా తీసుకెళ్ళాం. దిగేది వేరే చోట. అక్కడ పద్నాలుగు మెట్లు. లెక్కపెట్టా. వీల్‌చైర్ మేం ఎక్కిన చోటే ఉండిపోయింది. ర్యాంప్ కట్టినవాడు ఎక్కినవాళ్ళు దిగుతారని మర్చిపోయాడా ఏంటి! అమ్మ ఆ మెట్లు ఒక్కోటీ పక్కకి తిరిగి ఎక్కింది, పైకి వచ్చేసరికి మొహం పాలిపోయింది. అక్కడున్న వాళ్ళని అడిగితే "ముందే చెప్తే బోటుని మళ్ళీ ఎంట్రీ దగ్గరకి తీసుకెళ్ళేవాళ్ళం" అన్నారు. ముందే చెప్పాలని మాకెలా తెలుస్తుంది? మ్యాప్‌లో బాత్రూమ్‌లు ఉన్నాయి, ఫోటో స్పాట్‌లు ఉన్నాయి, మెట్లు ఎక్కడున్నాయో లేదు. కాబట్టి మీరు ప్రతి రైడ్ దగ్గరా "ఎక్కడ దిగాలి" అని అడిగి కానీ ఎక్కకండి.

రైడ్ మాత్రం బాగుంది. ఎండలోంచి ఒక్కసారి చీకట్లోకి వెళ్తే మనకి ఒక నిమిషంలో అలవాటైపోతుంది కానీ వయసు పెరిగే కొద్దీ కళ్ళు చీకటికి అలవాటు పడ్డానికి టైమ్ ఎక్కువ పడుతుంది, పెద్దమ్మ బోటు అంచు కనపడక కాలు నీళ్ళలో పెట్టబోయింది. లోపలికి వెళ్ళాక ఒక రెండు బోట్లు వదిలేసి, పక్కన నిలబడి, కళ్ళు కుదురుకున్నాక ఎక్కండి.

ఊగే ఓడ: కొసల్లో కూర్చుంటే గుండె గొంతులోకి వస్తుంది, మధ్య వరసలో కూర్చుంటే ఉయ్యాల. పెద్దమ్మ కొసకి వెళ్ళింది. నాన్న మధ్యలో.

కుర్చీలు కదులుతూ ఎదురుగా తెర మీద సినిమా నడిచే సిమ్యులేటర్‌లో అమ్మకి వికారం పట్టుకుంది. కూర్చుని చూసేదే కదా అని అదే సేఫ్ అనుకున్నాం. కళ్ళేమో ఎగురుతున్నాం అంటాయి, చెవి లోపలి బ్యాలెన్స్ ఏమో కుర్చీలోనే ఉన్నాం అంటుంది, రెండిటికీ కుదరక కడుపు తిప్పుతుంది. కళ్ళు మూసుకోమన్నా, తగ్గింది. బస్సు ప్రయాణం పడనివాళ్ళకి ఇది కోస్టర్ కన్నా కష్టం.

ఇక తిరిగే కప్పులు. ఇది నా కథ. చిన్నది, పెద్దమ్మ, నేను ఒక కప్పులో, మధ్యలో చక్రం ఉంటుంది, దాన్ని తిప్పితే కప్పు ఇంకా తిరుగుతుంది, ఆ ఇద్దరూ కలిసి దాన్ని పంతం పట్టినట్టు తిప్పారు. ఆగాక కూడా నాకు లోకం తిరుగుతూనే ఉంది, చెవి లోపలి నీళ్ళు మనం ఆగినా వెంటనే ఆగవు, అందుకే అలా. పెద్దవాళ్ళు ఈ రైడ్ దిగగానే నడవకూడదు, బ్యాలెన్స్ లేక పడిపోయే ప్రమాదం ఉంది, ఆగాక సీట్లోనే ఒక నిమిషం కూర్చుని ఎక్కడో ఒక చోట కళ్ళు నిలిపి చూసి అప్పుడు లేవాలి అని పెద్దమ్మకి ముందే పాఠం చెప్పింది నేనే. తీరా పడబోయింది కూడా నేనే. ఆవిడ నన్ను పట్టుకుని నడిపించుకుంటూ తెచ్చి బెంచీ మీద కూలేసింది. నాన్న వచ్చి ఒకసారి చూసి, తన కళ్ళజోడూ, పెద్దమ్మ చెవి మిషనూ, పెద్దాడి ఫోనూ నా ఒళ్ళో పెట్టి "చూస్తుండమ్మా, మేం ఇంకోసారి ఆ కోస్టర్ ఎక్కొస్తాం" అని వెళ్ళిపోయారు.

అలా ముప్పావు గంట. అప్పుడర్థమైంది ఆ బెంచీల కథ. చెక్క పలకలు, వీపుకి ఆధారం లేదు, చెయ్యి ఆనించడానికి కడ్డీ లేదు, చేతుల ఆధారం లేకుండా లేవడం మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఎంత కష్టమో అమ్మని చూస్తే తెలుస్తుంది. పార్క్ వాళ్ళు ఇది చదివితే కొత్త రైడ్ ఏం పెట్టొద్దు, బెంచీలకి చేతులు పెట్టించండి చాలు.

చివరి గంట నీళ్ళ వైపు వెళ్ళాం. స్లైడ్‌ల జోలికి పోలేదు. మెల్లగా పారే కాలవ ఉంటుంది కదా, గాలి ట్యూబ్‌లో పడుకుంటే అదే తీసుకెళ్తుంది, అక్కడ మళ్ళీ అదే సమస్య, ట్యూబ్‌లోకి ఎక్కడం. రెండుసార్లు ప్రయత్నించి అమ్మ ట్యూబ్ వదిలేసింది, నడుం లోతు నీళ్ళే కదా అని ఊరికే నడవడం మొదలుపెట్టింది. నడుస్తోంది. కర్ర లేదు, చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు. నీళ్ళలో ఒంటి బరువు సగం నీళ్ళే మోస్తాయి, మోకాళ్ళ మీద పడదు, అందుకే డాక్టర్లు కూడా నీళ్ళలో వ్యాయామం చెయ్యమంటారు, తెలుసు నాకు ఇవన్నీ, కానీ మా అమ్మ కుంటకుండా నడవడం చూసి ఎన్నేళ్ళైందో. రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టుకి వెళ్తూ నన్ను చూసి "నువ్వు రావే" అని చెయ్యి ఊపింది. బయటికి వచ్చే మెట్ల దగ్గర పట్టుకోడానికి కడ్డీ ఒక వైపే ఉంది, నేల తడి, అది చూసుకోండి. లోపలున్నంతసేపూ తేలికగా ఉండి బయటికి అడుగు పెట్టగానే బరువంతా ఒక్కసారి మీద పడుతుంది, పక్కన మనిషి ఉండాలి.

మిగతావి గబగబా. తెరిచే టైముకి వెళ్ళండి, మొదటి రెండు గంటల్లో మేం చేసినన్ని రైడ్‌లు తర్వాత అయిదు గంటల్లో చెయ్యలేదు. మధ్యాహ్నం ఎండలో గంటన్నర ఏసీ షో ఏదైనా చూడండి. మందులు లాకర్లో పెట్టకండి, దగ్గరే ఉంచుకోండి, మేం పెట్టేసి మళ్ళీ అంత దూరం నడిచాం. చున్నీ, స్కార్ఫ్ లాంటివి వేలాడకుండా కట్టేసుకోండి. కళ్ళజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్ళు తీసి ఎవరికైనా ఇచ్చి ఎక్కండి.

ఆ పళ్ళ దగ్గరే పెద్దమ్మ నా మాట వినలేదు. కోస్టర్ ఎక్కేముందు డబ్బా చేతిలో పెట్టి మరీ అడిగా. "పైన ఫోటో తీస్తారంటగా, పళ్ళు లేకుండా ఫోటోలో పడాలా" అంది. ఎగ్జిట్ దగ్గర ఆ ఫోటో కొన్నాం. నేను కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నా, నాన్న నోరు బార్లా తెరిచి ఉంది, పెద్దాడు రెండు చేతులూ పైకెత్తాడు, పెద్దమ్మ మాత్రం రెండు చేతులతో నోరు మూసుకుని కళ్ళు ఇంతింత చేసి కెమెరాలోకే చూస్తోంది. ఫ్యామిలీ గ్రూప్‌లో పెడితే అందరూ "అయ్యో పాపం, ఎంత భయపడిందో" అని రాస్తున్నారు. ఆవిడ ఎవరికీ అసలు విషయం చెప్పొద్దంది, ఇక్కడ ఆవిడ చదవదులెండి.